పిల్లి కాలు: నిలపడమా, తీసివేయడమా?

బండి కింద పడిన పిల్లి, మేడ మీది నుంచి జారిన పిల్లి, కుక్క నోట చిక్కి బయటపడిన పిల్లి. ఇలాంటి పిల్లిని ఆసుపత్రికి తీసుకువెళ్ళినవారిని పశువైద్యుడు ఒక కఠినమైన ప్రశ్న అడగవలసి వస్తుంది. నుజ్జయిన కాలిని ఆపరేషన్ చేసి నిలుపుదామా, తీసివేద్దామా? చాలామందికి మొదటిది దయగా, రెండవది క్రూరత్వంగా తోస్తుంది. మరికొందరు, పిల్లే కదా, మూడు కాళ్ళతో బతికేస్తుందని తేలిగ్గా అనేస్తారు. ఈ రెండు తొందరలూ ఆ మూగజీవికి అన్యాయం చేయగలవు.

నొప్పి లేకుండా, తనంత తానుగా తిరిగే జీవితం ఏ దారిన ఎక్కువ ఖాయంగా దొరుకుతుంది? ఈ నిర్ణయంలో అడగవలసిన అసలు ప్రశ్న ఇదే. నిలిపిన కాలు నేల మీద మోపలేనిదై, ఏళ్ళ తరబడి నొప్పి పెడుతూ ఉంటే ఆ ఆపరేషన్ పిల్లికి మేలు చేసినట్టు కాదు. ప్లేటు వేస్తే మూడు నెలల్లో మునుపటిలా పరుగెత్తగల కాలిని తీసివేయడమూ మేలు కాదు. ఈ రెండింటి మధ్య తేడా తెలుసుకోవడానికి శరీరశాస్త్రం మనకు స్పష్టమైన ఆనవాళ్ళు ఇస్తుంది.

ముందు ప్రాణం, తరువాత కాలు

ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చి ఉంటే చూసేవారి దృష్టి అక్కడే ఆగిపోతుంది. ప్రాణం తీసేది మాత్రం తరచుగా పైకి కనిపించని గాయం. ఊపిరితిత్తులు కమిలిపోవడం, ఛాతీలో గాలి చేరి ఊపిరితిత్తి ముడుచుకుపోవడం, ఛాతీకీ కడుపుకీ మధ్యనున్న పొర చిరగడం, మూత్రాశయం పగలడం, లోలోపల రక్తస్రావం కావడం ఇలాంటివి.

ఎత్తైన భవనాల మీది నుంచి పడిన పిల్లుల గురించి జరిగిన పరిశీలనలు ఈ విషయంలో విలువైనవి. న్యూయార్క్‌లోని యానిమల్ మెడికల్ సెంటర్ వైద్యులు అలా పడిన 132 పిల్లుల వివరాలను 1987లో ప్రచురించారు. చికిత్స అందినవాటిలో సుమారు 90 శాతం బతికాయి. క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో 119 పిల్లులపై జరిగిన అధ్యయనం 2004లో వెలువడింది. అందులో 96 శాతానికి పైగా బతికాయి. దాదాపు సగం పిల్లులకు కాళ్ళు విరిగాయి, మూడో వంతు పిల్లులకు ఛాతీ గాయాలున్నాయి. విరిగిన కాళ్ళలో వెనుకవే ఎక్కువ. పిల్లి కోలుకునే శక్తి గొప్పది, అయితే సకాలంలో ఊపిరినీ రక్తప్రసరణనూ నిలబెట్టినప్పుడే ఆ శక్తి పనిచేస్తుంది.

అందుకే మొదటి రోజున వైద్యుడు కాలి కంటే ముందు పిల్లిని చూస్తాడు. ఆక్సిజన్, సెలైన్, నొప్పి తగ్గించే మందులు, ఛాతీకీ పొట్టకూ ఎక్స్‌రేలు ముందు. గాయం తెరుచుకుని ఉంటే దాన్ని శుభ్రంగా కప్పి, వీలైనంత త్వరగా యాంటీబయాటిక్ మొదలుపెడతాడు. రక్తం ఆగకపోవడం, కాలు కుళ్ళి ఆ విషం ఒంట్లోకి పాకడం వంటి ప్రమాదాలు లేనంతవరకు, కాలు గురించిన తుది నిర్ణయానికి ఒకటి రెండు రోజుల వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిని తీసుకోవడం ఆలస్యం చేయడం కిందికి రాదు.

ఇంట్లోవారు చేయవలసినవి కొద్దిగానే ఉన్నాయి. పిల్లిని తువ్వాలులో వదులుగా చుట్టి, గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి తీసుకువెళ్ళాలి. పుల్లలు పెట్టి బిగించి కట్టకూడదు. బిగుతైన కట్టు రక్తాన్ని ఆపేసి, బతికి ఉన్న పాదాన్ని చంపేయగలదు. మనుషుల నొప్పి మాత్రలు ఎట్టిపరిస్థితిలోనూ వేయకూడదు. పారాసిటమాల్‌ను విరిచి బయటికి పంపే ఎంజైమ్ వ్యవస్థ పిల్లి కాలేయంలో చాలా బలహీనం. ఫలితంగా రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ మోయలేనిదిగా మారిపోతుంది. ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. నొప్పితో ఉన్న పిల్లి ఎంత మచ్చికైనదైనా కరవవచ్చు. కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, రేబిస్ టీకా కోసం వెంటనే వైద్యుణ్ణి కలవాలి.

నరం బతికి ఉందా?

ప్రాణాపాయం గడిచాక కాలిని నాలుగు వైపుల నుంచి పరీక్షిస్తారు: నరం, రక్తం, కండ-చర్మం, ఎముక. వీటిలో నరానిదే మొదటి స్థానం. ఎముకను లోహంతో జోడించవచ్చు, చర్మాన్ని మరోచోటి నుంచి తెచ్చి అతకవచ్చు. తెగిపోయిన ప్రధాన నరాన్ని మాత్రం మునుపటిలా పనిచేయించడం చాలా అరుదు.

పరీక్ష సులువైనదే, దాన్ని అర్థం చేసుకోవడంలోనే జాగ్రత్త కావాలి. వైద్యుడు కాలి వేలి ఎముకను పరికరంతో గట్టిగా నొక్కుతాడు. పిల్లి కాలు వెనక్కి లాక్కుంటే చాలదు, ఆ కదలిక వెన్నుపాము స్థాయిలోనే జరిగిపోయే ప్రతిచర్య కావచ్చు. పిల్లి తల తిప్పి చూడాలి, అరవాలి, బుసకొట్టాలి. అప్పుడే నొప్పి కబురు మెదడు దాకా చేరిందని అర్థం. ఈ లోతైన నొప్పి తెలియని కాలు కోలుకునే అవకాశం బాగా తక్కువ.

ముందు కాలి విషయంలో దీనికి ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది. మెడ దిగువ భాగంలోనూ ఛాతీ పైభాగంలోనూ వెన్నుపాము నుంచి బయలుదేరే నరాలు చంక దగ్గర ఒక గుచ్ఛంగా కలిసి కాలిలోకి దిగుతాయి. వాహనం తగిలి ముందు కాలు ఒంటికి దూరంగా బలంగా లాగబడినప్పుడు ఈ నరాలు వెన్నుపాము దగ్గరే ఊడిపోవచ్చు. అప్పుడు ఎక్స్‌రేలో ఒక్క ఎముకా విరిగినట్టు కనిపించకపోవచ్చు, కాలు మాత్రం గుడ్డపేలికలా వేలాడుతుంది. మోచేతిని నిటారుగా నిలిపే కండరాలకు కబురు అందక పిల్లి పాదం పైభాగాన్ని నేల మీద ఈడుస్తుంది. అదే వైపు కంటిపాప చిన్నదవడం, మూడో రెప్ప పైకి రావడం, ఆ పక్క వీపు చర్మాన్ని గిల్లితే జలదరింపు లేకపోవడం వంటివి నరం వెన్నుపాము దగ్గరే తెగిందని చెప్పే గుర్తులు.

నరం తెగక కేవలం సాగి ఉంటే ఆశ ఉంటుంది. నరపు పోగు రోజుకు సుమారు 1 మి.మీ. చొప్పున మళ్ళీ పెరుగుతుంది. భుజం నుంచి పాదానికి 20 సెం.మీ. దూరం అనుకుంటే, పాదం చేరడానికి 200 రోజులు పడుతుంది. ఈలోగా కండరాలు క్షీణిస్తాయి, కీళ్ళు బిగుసుకుంటాయి, స్పర్శ లేని పాదం నేలకు రాసుకుని పుండ్లు పడుతుంది. కొన్ని పిల్లులు ఆ పాదాన్ని తామే కొరుక్కుంటాయి. కాబట్టి లోతైన నొప్పి తెలిసే కాలికి కొన్ని వారాలు, నెలలు గడువివ్వడం న్యాయం. స్పర్శ పూర్తిగా పోయి, ఎన్ని వారాలైనా మార్పు లేక, పుండ్లు మొదలైన కాలిని తీసివేయడమే దయ.

రక్తం, చర్మం, ఎముక

రక్తప్రసరణ సంగతి పాదం వెచ్చదనం, మెత్తల రంగు, నాడి, గోరు కత్తిరిస్తే రక్తం వస్తుందా అన్నవి చెబుతాయి. ఒక ధమని దెబ్బతిన్నా పక్కదారుల్లో రక్తం చేరడం పిల్లుల్లో తరచు సాధ్యమే. అయితే పాదం చల్లబడి, నల్లబడి, గ్యాంగ్రీన్ మొదలైతే ఇక చర్చకు తావు లేదు.

చర్మం చీలి ఎముకకు బయటి మురికి తగిలిన విరుపును ఓపెన్ ఫ్రాక్చర్ అంటారు. ఒకప్పుడు మనుషుల్లోనే దీనికి సాధారణ చికిత్స కాలు తీసివేయడం. 1865 ఆగస్టులో గ్లాస్గోలో బండి చక్రం కింద పడి కాలు విరిగిన 11 ఏళ్ళ బాలుడి గాయాన్ని జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డతో కప్పాడు. చీము పట్టలేదు, కాలు నిలిచింది. క్రిమి సంపర్కాన్ని ఆపగలిగితే తెరుచుకున్న విరుపు కూడా మానుతుందన్న ఆ పాఠం మీదే నేటి చికిత్స అంతా నిలబడి ఉంది.

ఓపెన్ ఫ్రాక్చర్లను గాయం తీవ్రతను బట్టి మూడు తరగతులుగా విభజించే గుస్టిలో-ఆండర్సన్ పద్ధతి 1976లో మనుషుల కోసం వచ్చింది. పశువైద్యులూ దాన్నే వాడుతున్నారు. మొదటి తరగతిలో గాయం 1 సెం.మీ. కంటే చిన్నది, శుభ్రమైనది. మూడో తరగతిలో కండ, చర్మం విస్తారంగా చితికిపోతాయి. దాని చివరి మెట్టులో ప్రధాన ధమని కూడా తెగి ఉంటుంది. మొదటి తరగతి కాలిని దాదాపు మామూలు విరుపులాగే నిలపవచ్చు. మూడో తరగతి చివరికి వచ్చేసరికి తీసివేయడం వైపు మొగ్గు పెరుగుతుంది. రోడ్డు మీద ఈడ్చుకుపోయి పాదం చర్మం ఒలిచినట్టయి, కీలు తెరుచుకున్న కాళ్ళను కూడా కొన్నిసార్లు నిలపవచ్చు, కానీ వారాల తరబడి కట్లు మారుస్తూ ఉండాలి.

ఎముక విషయంలో ఏ ఎముక, ఎక్కడ, ఎన్ని ముక్కలు అన్నవి ముఖ్యం. పిల్లి తొడ ఎముక తిన్నగా ఉంటుంది, చుట్టూ దట్టమైన కండ ఉంటుంది. రాడ్డుతోగాని, ప్లేటుతోగాని జోడిస్తే సాధారణంగా చక్కగా అతుకుతుంది. మోకాలి కిందనున్న టిబియా ఎముక పరిస్థితి వేరు. దాని లోపలి వైపున చర్మం తప్ప రక్షణ లేదు. కండ తక్కువ కాబట్టి రక్తం తక్కువ, రక్తం తక్కువ కాబట్టి అతుకు ఆలస్యం. పిల్లుల్లో ఎముక అతకకుండా మిగిలిపోయే చోట్లలో టిబియాది ముందు వరస. అయినా సరైన పరికరం ఎంచుకున్న సర్జన్ చేతిలో అదీ నిలుస్తుంది. ఎముక లోపల రాడ్డు ఒక్కటే వేస్తే వంగకుండా ఆపుతుంది గాని మెలి తిరగకుండా ఆపలేదు. అందుకే అవసరాన్ని బట్టి దానికి ప్లేటునో, బయటి నుంచి బిగించే ఫ్రేమునో తోడుచేస్తారు.

తెలుగునాట ఎముక విరిగిందనగానే పుత్తూరు కట్టు గుర్తుకు వస్తుంది. ఎముక ముక్కలు చోటు తప్పకుండా, చర్మం చీలకుండా ఉండి, విరుపు మోచేతికో మోకాలికో కింద ఉన్నప్పుడు బయటి కట్టుతో అతకడం పిల్లుల్లోనూ కొన్నిసార్లు సాధ్యమే. విరిగిన ఎముకకు పైనా కిందా ఉన్న రెండు కీళ్ళనూ కదలకుండా ఆపినప్పుడే కట్టు పనిచేస్తుంది. పిల్లి తుంటినీ భుజాన్నీ ఏ కట్టూ ఆపలేదు. కాబట్టి తొడ ఎముక, భుజం ఎముక విరిగితే బయటి కట్టు సాయం చేయకపోగా విరుపు దగ్గర బరువై హాని చేస్తుంది.

కాలు తీయడానికీ, పూర్తిగా బాగుచేయడానికీ మధ్య కూడా దారులున్నాయి. తుంటి కీలులో తొడ ఎముక తల నలిగిపోతే ఆ తలను మాత్రం తొలగిస్తారు. చుట్టూ ఉన్న కండ, పీచు కణజాలం కొత్త కీలులా పనిచేస్తాయి, పిల్లి బరువు తక్కువ కాబట్టి బాగా నడుస్తుంది. మణికట్టు కీలునో మడమ కీలునో శాశ్వతంగా బిగించినా పిల్లి తట్టుకుంటుంది. మోచేయి, మోకాలు బిగిస్తే మాత్రం ఆ కాలు కర్రలా అడ్డు తగులుతుంది. ఆ కీళ్ళు మరమ్మతుకు లొంగనంతగా చితికిపోతే కాలు తీయడమే మెరుగు కావచ్చు.

మనుషుల వైద్యం నేర్పిన పాఠం

ఈ సందిగ్ధంపై మనుషుల వైద్యంలో దశాబ్దాలుగా కృషి జరుగుతోంది. 1990లో అమెరికాలో వచ్చిన మెస్ అనే పట్టిక ఎముక-కండల నష్టానికి, రక్తం అందకపోవడానికి, షాక్‌కు, వయసుకు మార్కులు వేసి, మొత్తం 7కు చేరితే కాలు నిలవడం కష్టమంది. మన దేశంలో కోయంబత్తూరు గంగా ఆసుపత్రిలో డాక్టర్ రాజశేఖరన్ బృందం ఇంకా సూక్ష్మమైన పట్టికను రూపొందించి 2006లో ప్రచురించింది. చర్మానికి, ఎముకకు, కండరాలు-నరాలకు వేరువేరుగా మార్కులు వేస్తారు. మొత్తం 14 లేదా అంతకు తక్కువైతే కాలు నిలపాలి, 17 లేదా అంతకు మించితే తీయాలి. 15, 16 మార్కులు వచ్చినప్పుడు పట్టిక తీర్పు చెప్పదు. అక్కడ రోగి పరిస్థితి, సర్జన్ అనుభవం కలిసి నిర్ణయించాలని ఆ పట్టిక రూపకర్తలే ఒప్పుకున్నారు.

తీవ్రంగా గాయపడిన కాళ్ళున్న 569 మందిని అమెరికాలోని 8 పెద్ద ఆసుపత్రుల్లో పరిశీలించిన అధ్యయనం 2002లో వెలువడింది. రెండేళ్ళ తరువాత చూస్తే, కాలు తీసినవారికీ, కాలు నిలిపినవారికీ రోజువారీ జీవితంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాలు నిలిపినవారిలో మాత్రం దాదాపు సగం మంది ఏదో ఒక చిక్కుతో మళ్ళీ ఆసుపత్రిలో చేరారు. కాలు తీసినవారిలో అలా చేరినవారు మూడో వంతు.

పిల్లుల కోసం ఇలా అందరూ ఒప్పుకున్న మార్కుల పట్టిక లేదు. మనుషుల పట్టికను యథాతథంగా పిల్లికి వర్తింపజేయడం కూడా తగదు. ఒక కాలు పోయిన మనిషికి మిగిలేది ఒక్క కాలు, పిల్లికి మూడు మిగులుతాయి. మనిషి ముందుచూపుతో బాధను ఓర్చుకుంటాడు. ఆరు నెలల తరువాత వచ్చే మేలు కోసం ఈ రోజు బోనులో ఉండాలన్న సంగతి పిల్లికి ఎవరూ చెప్పలేరు. ఈ రెండు తేడాలూ పిల్లి విషయంలో తక్కెడను కాలు తీసే వైపు కొంత వంచుతాయి. బాగుచేయడం ఎంత సాధ్యమైనా, అది ఎన్ని ఆపరేషన్లు, ఎన్ని వారాలు అడుగుతుందో తూచవలసిందే.

మూడు కాళ్ళ మీద పిల్లి

పిల్లి తన బరువులో సుమారు 60 శాతాన్ని ముందు కాళ్ళ మీద, 40 శాతాన్ని వెనుక కాళ్ళ మీద మోస్తుంది. ముందు కాలు పోతే ఎత్తు నుంచి దూకి దిగడం కష్టమవుతుంది. వెనుక కాలు పోతే పైకి ఎగరడానికి కావలసిన తోపు తగ్గుతుంది. తేలికైన శరీరం, వంగే వెన్ను, చురుకైన సమతూకం ఉన్నందువల్ల పిల్లి ఈ రెండు లోట్లనూ బాగా సర్దుకుంటుంది. గాయపడిన కాలిని ఎత్తిపట్టుకుని మూడు కాళ్ళ మీద గెంతడం అది ఆపరేషన్‌కు ముందే నేర్చుకుని ఉంటుంది. అందుకే చాలా పిల్లులు ఆపరేషన్ తరువాత కొద్ది రోజుల్లోనే నడుస్తాయి, కొన్ని వారాల్లో తమ పద్ధతిలో పరుగెత్తుతాయి. కాలు తీసిన పిల్లుల యజమానుల అభిప్రాయాలు సేకరించిన బ్రిటిష్ అధ్యయనం 2010లో వెటర్నరీ రికార్డ్ పత్రికలో వచ్చింది. తమ పిల్లి మామూలు జీవితం గడుపుతోందని అత్యధికులు చెప్పారు.

కాలును ఎంత పైకి తీస్తారన్నది చూసి చాలామంది కలవరపడతారు. పాదమే పాడైతే తొడ దాకా ఎందుకు తీయాలని అడుగుతారు. సగం కాలు మిగిలితే పిల్లి దాన్ని నేలకు ఆనించబోతుంది, మొండి కొన నలిగి పుండు పడుతుంది. అందుకే వెనుక కాలిని తొడ ఎముక పైభాగం దగ్గరగాని, తుంటి కీలు దగ్గరగాని తీస్తారు. అక్కడి దట్టమైన కండ కొనకు మెత్తగా అమరుతుంది. ముందు కాలిని రెక్క ఎముకతో సహా తీయడం వాడుక. పిల్లి రెక్క ఎముక మొండెంతో ఎముకల కీలు ద్వారా కాక కండరాలతోనే అతుక్కుని ఉంటుంది కాబట్టి ఇది శుభ్రంగా సాగుతుంది.

మూడు కాళ్ళ జీవితానికి పరిమితులూ ఉన్నాయి. వెనుక కాలు పోయిన పిల్లి ఆ వైపు చెవిని గోక్కోలేదు, కాబట్టి మనం శుభ్రం చేయాలి. మలవిసర్జనకు పెట్టే ట్రే అంచు తక్కువ ఎత్తులో ఉండాలి. జారే గచ్చు మీద చాప పరవాలి. కుక్కల నుంచి పారిపోవడం, చెట్టెక్కడం తగ్గుతాయి కాబట్టి వీధిలో విడవడం మంచిది కాదు. అన్నిటికంటే ముఖ్యం బరువు. 12 ఏళ్ళు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలను పరిశీలించిన 2002 నాటి అమెరికన్ అధ్యయనంలో 90 శాతం పిల్లులకు కీళ్ళు లేదా వెన్ను అరిగిన గుర్తులు కనిపించాయి. మూడు కాళ్ళకు నాలుగు కాళ్ళ భారం పడుతుంది కనుక ఆ పిల్లిని లావెక్కనివ్వకూడదు. ఇప్పటికే స్థూలంగా ఉన్న ముసలి పిల్లికి, మరో కాలో తుంటో కూడా దెబ్బతిన్న పిల్లికి ఉన్న కాలును నిలపడానికి మరింత గట్టిగా ప్రయత్నించాలి.

నిలిపిన కాలు అడిగే శ్రద్ధ

ఆపరేషన్ థియేటర్‌లో సర్జన్ పని పూర్తయ్యాక ఇంట్లోవారి పని మొదలవుతుంది. ఎదిగిన పిల్లి ఎముక అతకడానికి సాధారణంగా 6 నుంచి 12 వారాలు పడుతుంది. పిల్లి కూనల్లో ఇంకా త్వరగా అతుకుతుంది. ఈ కాలమంతా పిల్లి పెద్ద బోనులోనో, ఎక్కడానికి ఏమీ లేని చిన్న గదిలోనో ఉండాలి. ఒక్క గెంతు రాడ్డును వంచవచ్చు, స్క్రూను లాగేయవచ్చు. 4 నుంచి 6 వారాలకు ఎక్స్‌రే తీయాలి. బయటి ఫ్రేము ఉంటే పిన్నుల చుట్టూ రోజూ శుభ్రం చేయాలి. కట్టు తడిసినా, వేళ్ళు వాచినా, వాసన వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. క్రిమి సంపర్కమో, లోహం వదులవడమో జరిగితే రెండో ఆపరేషన్‌కు సిద్ధపడాలి.

ఇంటి పిల్లి స్వభావం ఇక్కడ వైద్యపరమైన అంశమే అవుతుంది. మనిషి చేతిని నమ్మే పిల్లి వారాల కట్లను భరిస్తుంది. మనుషుల్ని దగ్గరికి రానివ్వని వీధి పిల్లికి రెండు నెలల బోను, కట్టు మార్చిన ప్రతిసారీ మత్తు అన్నవి తీరని భయం. అలాంటి పిల్లికి చిన్న విరుపైతే ఒక్కసారితో ముగిసే రాడ్డు లేదా ప్లేటు, పెద్ద గాయమైతే ఒక్కసారితో ముగిసే కాలు తీసివేత, రెండూ దీర్ఘ చికిత్స కంటే కరుణతో కూడినవి.

నిర్ణయంలో ఒక అసమానత ఉంది. నిలిపే ప్రయత్నం విఫలమైతే తరువాత కాలు తీయవచ్చు, తీసిన కాలును మాత్రం తిరిగి పెట్టలేం. నరం బతికి ఉండి, అతుకు పడే అవకాశం బాగుంటే ఈ కారణంగానే ముందు నిలిపే ప్రయత్నం చేయాలి. అవకాశం సన్నగా ఉన్నచోట మాత్రం ఈ వాదన ఒక్కటే చాలదు. విఫలమైన ప్రతి ప్రయత్నమూ పిల్లి నుంచి కొన్ని వారాల జీవితాన్ని తీసుకుంటుంది.

నొప్పిని చదవడం

పిల్లి నొప్పిని దాచుకుంటుంది. మూలకు చేరుతుంది, తినడం మానుతుంది, ఒళ్ళు నాక్కోవడం మానుతుంది. కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో పిల్లి ముఖం ఆధారంగా నొప్పిని కొలిచే పద్ధతిని ప్రచురించారు. చెవుల తీరు, కళ్ళు ముడుచుకోవడం, మూతి బిగుసుకోవడం, మీసాల స్థితి, తల ఉంచే ఎత్తు అనే అయిదింటికి 0 నుంచి 2 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 10లో 4కు చేరితే మరింత నొప్పి మందు అవసరం. ఇంట్లోవారు కూడా దీన్ని నేర్చుకోవచ్చు.

కాలు తీసే ఆపరేషన్‌లో నరాన్ని కోసే ముందు దానికి స్థానిక మత్తుమందు ఇవ్వడం మంచి పద్ధతి. కోసిన క్షణంలో వెన్నుపాముకు వెళ్ళే నొప్పి ఉప్పెన అలా తగ్గుతుంది. ఆ తరువాత కూడా కాలు ఉన్న చోటిని పదేపదే చూసుకోవడం, ఉలిక్కిపడడం, అక్కడ నాక్కోవడం కనిపిస్తే అది నరాల నొప్పి కావచ్చు, దానికి వేరే మందులున్నాయి. కాలు నిలిపినా, తీసినా, నొప్పికి పూర్తి చికిత్స లేని ఆపరేషన్‌ను అంగీకరించకూడదు.

చేయగలిగినదీ, చేయదగినదీ

2009లో బ్రిటిష్ చానెల్ దీవి జెర్సీలో పంట కోసే యంత్రం కింద ఆస్కర్ అనే నల్లపిల్లి రెండు వెనుక పాదాలూ తెగిపోయాయి. ఇంగ్లండ్‌లోని సర్రేలో నోయెల్ ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే పశువైద్య సర్జన్, ఎముకలోకి లోహపు మేకు దిగి చర్మం దాటి బయటికి వచ్చే అమరిక ద్వారా దానికి రెండు కృత్రిమ పాదాలు అమర్చాడు. జింక కొమ్ము చర్మాన్ని దాటి పెరిగే తీరును చూసి లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు రూపొందించిన అమరిక అది. రెండు వెనుక పాదాలూ పోయిన పిల్లికి మూడు కాళ్ళ దారి లేదు కనుక ఆ ప్రయత్నానికి అర్థం ఉంది. ఒక్క కాలు పోయి మిగిలిన మూడూ బాగున్న పిల్లికి కృత్రిమ పాదం సాధారణంగా అవసరం పడదు.

డబ్బు గురించి సిగ్గుపడకుండా మాట్లాడుకోవాలి. ప్లేటు, మళ్ళీ మళ్ళీ ఎక్స్‌రేలు, రెండో ఆపరేషన్ అవకాశం అన్నీ కలిస్తే కాలు నిలపడానికి అయ్యే ఖర్చు తీసివేతకు అయ్యే ఖర్చు కంటే చాలా ఎక్కువ కావచ్చు. భరించలేని కుటుంబం కాలు తీయించి పిల్లిని కాపాడుకుంటే అది తప్పు కాదు. ఖర్చుకు భయపడి పిల్లిని వీధిలో వదిలేయడం, ఒక్క కాలి గాయానికి ప్రాణమే తీయించడం తప్పు. తిరుపతి, గన్నవరం, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లలోని పశువైద్య కళాశాలల ఆసుపత్రులలో శస్త్రచికిత్స విభాగాలున్నాయి. మొదటి వైద్యుడు చెప్పినదాని మీద సందేహం ఉంటే అక్కడ రెండో అభిప్రాయం అడగవచ్చు.

నిర్ణయానికి ముందు వైద్యుణ్ణి ఈ ప్రశ్నలు తప్పక అడగండి. లోతైన నొప్పి తెలుస్తోందా? పాదానికి రక్తం అందుతోందా? ఎన్ని ఆపరేషన్లు, ఎన్ని వారాలు పడతాయి? అంతా సవ్యంగా జరిగితే పిల్లి ఆ కాలు మోపి నడుస్తుందా? మిగిలిన మూడు కాళ్ళూ, తుంటీ బాగున్నాయా? ఈ తరహా ఆపరేషన్లు మీరు చేస్తుంటారా, లేక మరొకరి దగ్గరికి పంపుతారా?

నరం, రక్తం బతికి ఉండి, ఎముక అతికే అవకాశం బాగుంటే కాలును నిలపండి, ఆ తరువాతి వారాల శ్రద్ధకు సిద్ధపడండి. నరం చచ్చిపోతే, కండ కుళ్ళితే, కీలు మరమ్మతుకు లొంగకపోతే ఆలస్యం చేయకుండా తీయించండి. రెండింటికీ మధ్యనున్న గాయంలో మీ పిల్లి వయసు, స్వభావం, మీ ఇంటి శక్తి కలిసి నిర్ణయిస్తాయి, అలా తీసుకున్న నిర్ణయానికి ఎవరి ముందూ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు. మేడల్లో పిల్లిని పెంచేవారు బాల్కనీకీ కిటికీలకూ ఈ రోజే వల బిగించండి. ఈ కఠినమైన ప్రశ్న మీ ఇంటికి రాకుండా ఆపగల చవకైన పని అదే.